నగరంలో చిత్తడి నేల ఉద్యానం: ముందుగా చూడవలసింది నేల వాలు, నీటి లోతు

నగరంలో వన్యప్రాణులకు కృత్రిమంగా ఆవాసం కల్పించడం సాధ్యమే. హాంకాంగ్‌లోని టిన్ షుయ్ వాయ్‌లో 61 హెక్టార్లలో రూపొందించిన చిత్తడి నేల ఉద్యానం 2006లోనూ, లండన్‌లో వాడుక తీరిన బార్న్ ఎల్మ్స్ జలాశయాల స్థానంలో ఏర్పరచినది 2000లోనూ ప్రారంభమయ్యాయి.

మొదట నీరు ఎక్కడి నుంచి వస్తుందో తేల్చుకోవాలి. వీధుల మీదుగా వచ్చే వాన నీరు ఒండ్రునూ చమురునూ మోసుకొస్తుంది కనుక, దానిని ముందు ఒక చిన్న గుంటలో తేర్చి, తుంగ, జమ్ము పెంచిన మడి గుండా పారించి, ఆ తరువాతే ప్రధాన మడుగులోకి వదలాలి. శుద్ధి చేయని మురుగు నీటిని రానిస్తే నత్రజని, భాస్వరం పెరిగి, గుర్రపుడెక్క కమ్ముకుంటుంది.

అసలు పని తవ్వకంలో ఉంది. నిటారు గట్లతో, అంతటా ఒకే లోతుతో తవ్వితే అది నీటి తొట్టి అవుతుంది. ఉల్లంకి పిట్టలు కొద్ది సెంటీమీటర్ల నీటిలోనూ తడి బురదలోనూ మేత వెదుకుతాయి. కొంగలు మోకాలి లోతు లోపలే నిలుస్తాయి. నీటికాకులకు, బుడుబుంగలకు మునిగి వేటాడే లోతు కావాలి. అందువల్ల పది అడుగులు నడిస్తే ఒక అడుగు దిగేటంత, వీలైతే ఇంకా తక్కువ వాలుతో, వంకర టింకర ఒడ్డుతో తవ్వి, కుక్కలు చేరలేని ఒకటి రెండు దిబ్బలను నీటి మధ్య వదలాలి. నేల నీటిని పీల్చేదైతే అడుగున బంకమట్టి పరచి దట్టించాలి.

నీటి మట్టాన్ని పెంచడానికీ తగ్గించడానికీ తలుపున్న తూము తప్పనిసరి. వలస పక్షులు వచ్చే కాలంలో మట్టాన్ని మెల్లగా దించితే బురద బయటపడి, అందులోని పురుగులు వాటికి అందుతాయి. ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే సందర్శకుల మంటపాన్ని మానుకోవచ్చు గాని తూమును కాదు.

మొక్కలు స్థానికమైనవే నాటాలి. దోమల భయంతో, దోమ పిల్లలను తినే గంబూసియా చేపలను వదలడం సరికాదు. అవి తోకకప్పలను కూడా తింటాయి. చేపలు లేని చిన్న గుంటలను విడిగా ఉంచితే కప్పలు, తూనీగలు అక్కడ పెరుగుతాయి. తూనీగ డింభకాలు దోమ పిల్లలను తింటాయి.

నడకదారిని ఒక వైపునకే పరిమితం చేసి, మిగిలిన ఒడ్డును మనుషులకు మూసివేయాలి. రాత్రి దీపాలు వద్దు. జమ్మును కోయకపోతే కొన్నేళ్లలో మడుగునంతా ఆక్రమిస్తుంది; అయితే గూళ్ల కాలం ముగిశాక, ఏటా కొంత భాగాన్ని మాత్రమే వంతులవారీగా కోయాలి.