సీటీ ఫిల్మ్ చదవడం – నాలుగో పాఠం: మెదడులో రక్తపు గడ్డ ఎన్ని మిల్లీలీటర్లు?

తల సీటీలో తెల్లగా కనిపించిందల్లా రక్తమేనా అన్న పోయిన పాఠంలోని ఇంటిపనికి జవాబు ముందు చెప్పేస్తాను. తెల్లగా కనిపించిందల్లా రక్తం కాదు. కన్సోల్ మీద ఆ తెలుపులో చిన్న సున్నా చుడితే 60, 70 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో సాంద్రత కొలిచే అంకె) చూపిస్తోందంటే తాజా రక్తమని అనుకోవచ్చు. 100 దాటి పోతోందంటే కాల్సిఫికేషన్, అంటే సున్నం పేరుకోవడం. పెద్దవయసువాళ్లలో రెండు పక్కలా ఒకేలా కనిపిస్తే ముందు దాన్నే అనుమానించండి.

నల్లగొండలో సీటీ గదిలో నైట్ డ్యూటీ చేసినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. దేవరకొండ వైపు నుంచో హాలియా వైపు నుంచో 108లో మనిషిని తెస్తారు. బీపీ మాత్రలు ఎప్పుడో మానేశాడు. చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. స్కాన్ అయ్యేసరికి కొడుకు తలుపు దగ్గర నిలబడి "సార్, గడ్డ పెద్దగున్నదా?" అని అడుగుతాడు. లోపల డ్యూటీ డాక్టర్ హైదరాబాద్‌లోని న్యూరోసర్జన్‌కు ఫోన్ కలుపుతూ మనవైపు చూస్తారు. "పెద్ద బ్లీడే సార్" అనేయడం మనకు అలవాటు. పెద్దది అంటే ఎంత? ఒకరి లెక్కలో నిమ్మకాయంత, ఇంకొకరి లెక్కలో బత్తాయంత. వంద కిలోమీటర్ల అవతల ఉన్న సర్జన్‌కు కావలసింది అంకె.

ఆ అంకె తీసే సులువైన పద్ధతి 1996లో కొఠారి బృందం రాసిన పేపర్‌తో బాగా వాడుకలోకి వచ్చింది. అందరూ ఏబీసీ బై టూ అంటారు. సీటీ తలను అడ్డంగా కోసినట్టు చూపే ఒక్కో బొమ్మ ఒక స్లైస్. గడ్డ అన్నిటికన్నా పెద్దగా కనిపించే స్లైస్ ఎంచుకోండి. అందులో అతి పొడవైన కొలత ఏ. దానికి అడ్డంగా, సరిగ్గా లంబంగా, అతి వెడల్పైన చోట బీ. గడ్డ ఎత్తు సీ. మూడూ సెంటీమీటర్లలో తీసి, గుణించి, సగం చేస్తే మిల్లీలీటర్లు వస్తాయి.

సగం ఎందుకో కంఠస్థం చేయొద్దు, చేసి చూడండి. గుడ్డు ఆకారం ఘనపరిమాణానికి మూడు కొలతలనూ గుణించి, పై (3.14)తో హెచ్చించి, 6తో భాగించాలి. పైని 3 అనుకుంటే మిగిలేది సగం. మన జిల్లాలో బత్తాయిలకు కరువు లేదు కదా, ఒకటి తెండి. ఎటు చూసినా 7 సెంటీమీటర్లు ఉందనుకుంటే 343లో సగం, అంటే 171. ఇప్పుడు గిన్నెలో అంచుదాకా నీళ్లు పోసి, పళ్లెంలో పెట్టి, కాయను నెమ్మదిగా నీళ్లలోకి నొక్కండి. అది తేలుతుంది కాబట్టి వేలి కొసతో పూర్తిగా ముంచాలి. వేలు లోపలికి పోతే అదీ లెక్కలో కలుస్తుంది. ఒలికిన నీళ్లు కొలిస్తే 180 దగ్గర ఉంటాయి. అర్ధరాత్రి ఫోన్‌లో చెప్పడానికి ఆ మాత్రం దగ్గరగా వస్తే చాలు.

ఏ, బీ తేలికే. అందరూ తప్పేది సీ దగ్గర. రక్తం కనిపించిన స్లైసులన్నీ లెక్కపెట్టి మందంతో గుణించేస్తారు. అలా కాదు. ప్రతి స్లైస్‌నూ ఆ పెద్ద స్లైస్‌తో పోల్చాలి. గడ్డ దానిలో ముప్పావు వంతుకన్నా ఎక్కువ ఉంటే ఒకటిగా, పావుకూ ముప్పావుకూ మధ్య ఉంటే అరగా లెక్కేయండి. పావు కూడా లేకపోతే వదిలేయండి. ఒక ఫిల్మ్‌లో 5 మిల్లీమీటర్ల స్లైసులు ఎనిమిదింటిలో రక్తం ఉంది. మూడు నిండువి, మూడు సగంవి, రెండు వదిలేసేవి. మొత్తం నాలుగున్నర, అంటే సీ 2.25 సెంటీమీటర్లు. ఏ 5, బీ 4 అయితే గడ్డ 22.5 మిల్లీలీటర్లు. ఎనిమిదీ లెక్కేసి ఉంటే 40 అని చెప్పేవాళ్లం.

వెంట్రికిల్స్‌లోకి (మెదడు లోపలి నీటి గదుల్లోకి) దిగిన రక్తాన్ని ఇందులో కలపకండి. అది ఉందో లేదో విడిగా చెప్పాలి. గడ్డ గుడ్డులా కాకుండా వంకరటింకరగా ఉంటే ఈ లెక్క ఎక్కువ చూపించే అవకాశం ఉంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో అలాంటివి ఎదురవుతుంటాయి.

కొత్తలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. బయట తీయించుకొచ్చిన ఫిల్మ్ అది, సీడీ లేదు. ఎవరో పిల్లల జామెట్రీ బాక్స్‌లోని స్కేలు తీసుకుని నేరుగా ఫిల్మ్ మీద పెట్టాను. 3 సెంటీమీటర్లు, 2 సెంటీమీటర్లు. సీ మాత్రం స్లైసులు లెక్కించి 5 అని సరిగ్గానే తీశాను. 15 మిల్లీలీటర్లని ఫోన్‌లో ధీమాగా చెప్పాను. సర్జన్ వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకుని "మిడ్‌లైన్ ఇంత పక్కకు జరిగితే 15 ఎట్లయితది?" అన్నారు. మిడ్‌లైన్ అంటే మెదడు నడిమి గీత. ఒకే షీట్ మీద బోలెడు బొమ్మలు అచ్చేసేటప్పుడు తల కుదించుకుపోతుంది. బొమ్మ పక్కన సన్నటి గీతలా స్కేల్ బార్ ఉంటుంది, అది చూడలేదు నేను. 5 సెంటీమీటర్ల బార్ నా స్కేలుకు రెండున్నరే వచ్చింది. అసలు కొలతలు 6, 4. గడ్డ 60 మిల్లీలీటర్లు.

15కూ 60కీ తేడా మామూలుది కాదు. మెదడులో రక్తస్రావమైన రోగి పరిస్థితిని అంచనా కట్టే ఐసీహెచ్ స్కోర్‌లో 30 మిల్లీలీటర్ల దగ్గర ఒక పాయింట్ పెరుగుతుంది. గడ్డ 60 లేదా అంతకన్నా ఎక్కువ ఉండి, కోమా స్కోర్ (స్పృహ ఎంతుందో చెప్పే అంకె) 8 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లలో నెలలోపు మరణాలు 91 శాతం ఉంటాయన్నది 1993లో బ్రోడరిక్ బృందం వేసిన అంచనా. ఆ శాతం ఫోన్‌లో డాక్టర్ల మధ్య మాట. తలుపు దగ్గర నిలబడ్డ కొడుక్కు మనం చెప్పేది కాదు.

ఆపరేషన్ విషయానికొస్తే, 2005లో వచ్చిన స్టిచ్ ట్రయల్‌లో (రోగుల మీద చేసిన పెద్ద అధ్యయనంలో) తొందరగా ఆపరేషన్ చేసినా మొత్తంమీద లాభం కనబడలేదు. 2024లో ఎన్‌రిచ్ ట్రయల్ కొంత ఆశ చూపించింది. 30 నుంచి 80 మిల్లీలీటర్ల గడ్డను 24 గంటల్లోపు సన్నటి గొట్టం గుండా తీశారు. లాభమంతా దాదాపు మెదడు పైపొరల దగ్గరి గడ్డలకే, లోతువాటికి కాదు. కాబట్టి అంకెతోపాటు చోటూ చెప్పండి, ఎన్ని గంటలైందో చెప్పండి. చిన్నమెదడుకు హద్దు వేరు. అక్కడ చోటు ఇరుకు, పక్కనే ఊపిరిని నడిపే బ్రెయిన్‌స్టెమ్. 15 మిల్లీలీటర్లకే ఆపరేషన్ మాట వస్తుంది.

ఇంటిపని: ఫిల్మ్ మీద 5 సెంటీమీటర్ల బార్ మీ స్కేలుకు 2 సెంటీమీటర్లు వచ్చింది. గడ్డ పొడవు అదే స్కేలుకు 2, వెడల్పు 1.6. స్లైస్ మందం 5 మిల్లీమీటర్లు. నిండువి రెండు, సగంవి నాలుగు, పావులోపు ఒకటి. గడ్డ చిన్నమెదడులో ఉంది. మనిషి ఇంకా మాట్లాడుతున్నాడు. ఎన్ని మిల్లీలీటర్లు, ఫోన్‌లో మీ మొదటి వాక్యం ఏమిటి?