పబ్ బోర్డు చూడండి, సీలింగ్ కూడా చూడండి

ఇంగ్లండ్‌లో తిరిగేటప్పుడు ‘మార్క్విస్ ఆఫ్ గ్రాన్‌బీ’ అనే పబ్ కనిపిస్తే, లోపలికి వెళ్లేముందు బోర్డు మీది బొమ్మ చూడండి. ఆ పేరు ఒక బ్రిటిష్ సేనానిది; చాలాచోట్ల ఆయన బట్టతలతోనే ఉంటాడు. 1760లో జర్మనీలోని వార్‌బర్గ్ దగ్గర జరిగిన యుద్ధంలో గుర్రం మీద దూసుకెళ్తుంటే టోపీ, విగ్గు ఎగిరిపోయాయి. అయినా ఆగలేదు! గాయపడ్డ తన సైనికులు పబ్బులు పెట్టుకోవడానికి ఆయన డబ్బు సాయం చేశాడని, అందుకే ఇన్నిచోట్ల ఆ పేరుందని చెబుతారు.

కేంబ్రిడ్జ్ వెళ్తే మాత్రం ‘ది ఈగిల్’ పబ్ వదలొద్దు. ఆర్‌ఏఎఫ్ (బ్రిటన్ వైమానిక దళం) బార్ అనే గదిలో తల పైకెత్తండి. రెండో ప్రపంచ యుద్ధకాలపు వైమానిక సైనికులు లైటర్లతో, కొవ్వొత్తులతో సీలింగ్ మీద కాల్చి రాసుకున్న పేర్లు, స్క్వాడ్రన్ (విమాన దళం) నంబర్లు ఇప్పటికీ ఉన్నాయి. రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లండి, ఒక్కో అక్షరం నింపాదిగా చదవొచ్చు. మందు అలవాటు లేకపోతే జ్యూస్ చెప్పుకున్నా చాలు.