శివారు కాలేజీలో చేరేముందు జాగ్రత్తలు

హైదరాబాద్ శివార్లలో ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్ వైపు చిన్న ఇంజినీరింగ్ కాలేజీలో చేరాలనుకుంటే, కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టకముందే ఓ పనిరోజు పొద్దున బస్సులో వెళ్లి చూడండి. ఆదివారం వెళ్తే ట్రాఫిక్ సంగతి తెలియదు. మెయిన్ రోడ్డు నుంచి గేటుకెంత దూరం? షేర్ ఆటోలు తిరుగుతాయా? ల్యాబ్ అయ్యాక సాయంత్రం ఆ దారినే రావాలి, వీధిదీపాలున్నాయో లేదో చూసుకోండి.

ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యత చూసే జాతీయ సంస్థ) గుర్తింపు కాలేజీకి కాదు, బ్రాంచికి ఇస్తారు. మీ బ్రాంచికుందా, గడువెప్పటిదాకా అడగండి.

అసలు దెబ్బ హాజరు దగ్గరే. జేఎన్‌టీయూహెచ్ (హైదరాబాద్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం) కిందున్న కాలేజీల్లో 75 శాతం ఉండాలి. 65 దాకా ఉంటే సరైన కారణం చూపి కండోనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) అడగొచ్చు, అంతకు తగ్గితే సెమిస్టరే పోతుంది. సిటీలో కోచింగ్ ఉందని వారంలో ఆరు రోజులకు రెండు రోజులు మానితే మిగిలేది 67 శాతమే. తర్వాత జ్వరమొస్తే గట్టెక్కలేరు.

కాలేజీ బస్సు ఫీజు విడిగా కట్టాలి. సర్టిఫికెట్లు ఇచ్చేముందు జిరాక్సులు తీసి, రసీదు అడగండి.