కారు బ్యాటరీ: మార్చే ముందు ఒకసారి కొలిచి చూడండి

తాళం తిప్పగానే టకటకమని చప్పుడొచ్చి ఇంజిన్ తిరగకపోతే నేరమంతా బ్యాటరీ మీద పడుతుంది. చాలాసార్లు అసలు దొంగ వేరే ఉంటుంది: వదులైన టెర్మినల్, నీరసించిన ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీని చార్జి చేసేది), బండి ఆపాక కూడా కరెంటు తాగుతూ కూర్చున్న ఏదో ఒక పరికరం. వాటిని అలాగే వదిలేసి కొత్త బ్యాటరీ వేస్తే అదీ కొన్ని నెలల్లో పడుకుంటుంది. అందుకే స్పానర్ కంటే ముందు మల్టీమీటర్ తీయాలి.

బండి ఆపి నాలుగైదు గంటలైనా అయ్యాక, వీలైతే పొద్దున్నే స్టార్ట్ చేయకముందే, మీటర్‌ను 20 వోల్టుల డీసీ రేంజ్‌లో పెట్టి ఎర్ర ప్రోబ్ ప్లస్ మీద, నల్లది మైనస్ మీద ఆనించండి. అంతసేపు ఆగే వీలు లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి ఆపి, ఐదు నిమిషాల తర్వాత చూడండి. అలా చేయకపోతే ప్లేట్ల పైపైన నిలిచిన చార్జి వల్ల మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. 12.6 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. 11.8కి వస్తే ఖాళీయే. ఎంతసేపు చార్జింగ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతోందంటే లోపల ఒక సెల్ షార్ట్ అయింది. ఉన్నవి ఆరు సెల్స్, ఒక్కోదానికి 2.1 వోల్టులు, ఒకటి పోతే మిగిలేది 10.5. దానికి ఇక వైద్యం లేదు.

వోల్టేజి బాగున్నంత మాత్రాన బలం ఉన్నట్టు కాదు. ఒకరిని తాళం తిప్పమని, మీరు మీటర్ చూడండి. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ, మామూలు వాతావరణంలో, సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ 9.6 కంటే కిందికి దిగకూడదు. ఆకలితో ఉన్నదాన్ని పరీక్షించి పాడైందని తేల్చేయడం న్యాయం కాదు. ముందు చార్జర్ పెట్టి, ఆ తర్వాత తీర్పు చెప్పండి.

ఇంజిన్ స్టార్ట్ అయ్యాక మీటర్ 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. 13.2 కూడా దాటకపోతే బెల్టు, ఆల్టర్నేటర్ చూడాలి. 15 దాటుతుంటే ఆల్టర్నేటర్ వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్ చెడింది. బ్యాటరీ లోపల ఉడికిపోతోంది, నీళ్లు ఆవిరైపోతున్నాయి. కొత్త కార్లలో కంప్యూటరే ఆల్టర్నేటర్‌ను ఆడిస్తుంది కాబట్టి అంకె కాసేపు కిందికీ పైకీ పోతుంటుంది. ఒక్క రీడింగ్ చూసి కంగారు పడొద్దు.

ఇక టెర్మినల్. పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల మాత్రం కేబుల్ కొసనున్న క్లాంపుకీ బ్యాటరీ సీసం స్తంభానికీ మధ్య సన్నటి బూడిదరంగు పొర పట్టి ఉంటుంది. రేడియో పాడుతుంది, లైట్లు వెలుగుతాయి, సెల్ఫ్ మాత్రం తిరగదు. కారణం సులువు: లైటుకు కొన్ని ఆంపియర్లు చాలు, సెల్ఫ్‌కు వందల ఆంపియర్లు కావాలి, ఆ పొర దగ్గర అంత కరెంటు ఇరుక్కుపోతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక ప్రోబ్‌ను స్తంభం నడినెత్తి మీద, రెండోదాన్ని దాన్ని పట్టుకున్న క్లాంపు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. మీటర్ దాదాపు సున్నా చూపించాలి. 0.2 వోల్టు కంటే ఎక్కువ వస్తే బ్యాటరీ జోలికి పోకండి, క్లాంపు విప్పి శుభ్రం చేయండి. రెండు వైపులా ఇలాగే చూడాలి.

రెండు రోజులు వాడకపోతే చాలు బ్యాటరీ దిగిపోతోందా? మైనస్ కేబుల్ విప్పి, మీటర్‌ను 10 ఆంపియర్ల రేంజ్‌లో (ఎర్ర వైరును ఆ సాకెట్‌కే మార్చి) కేబుల్‌కీ మైనస్ స్తంభానికీ మధ్య కలపండి. తలుపులు మూసి, లాక్ చేసి, అరగంట ఆగండి. కారులోని కంప్యూటర్లు నిద్రపోవడానికి ఆ సమయం పడుతుంది. ఆ తర్వాత 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే మామూలే. ఎక్కువ ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూడండి, ఏది తీసినప్పుడు అంకె పడిపోతే దొంగ ఆ లైన్‌లో ఉన్నాడు. మీటర్ మధ్యలో ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది. మామూలు అనుకునే ఆ 50 మిల్లీఆంపియర్లే రోజుకు 1.2 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చేది), నెలకు 36. అంటే బండి నెల రోజులు కదలకపోతే 60 ఏహెచ్ బ్యాటరీలో సగానికి పైగా దానంతటదే పోతుంది.

ఏది కొనాలి

ముందు రకం. ఆగినప్పుడల్లా ఇంజిన్ దానంతటదే ఆగిపోయే స్టార్ట్-స్టాప్ బండికి ఈఎఫ్‌బీ (మామూలుదాన్నే ఇంకా గట్టిగా చేసిన రకం) గానీ ఏజీఎం (యాసిడ్‌ను గాజునార పీల్చి పట్టుకునే రకం) గానీ ఉంటుంది. ఈఎఫ్‌బీ స్థానంలో ఏజీఎం వేయొచ్చు గానీ, వెనక్కి మాత్రం పోకూడదు. ఏజీఎం ఉన్న చోట మామూలు బ్యాటరీ పెడితే ఆ రోజంతా బాగానే ఉంటుంది, కొన్నాళ్లకే చేతులెత్తేస్తుంది.

తర్వాత కొలతలు. ట్రేలో కూర్చోవాలి, అడుగున పట్టే క్లిప్పుకు అంచు కలవాలి, ప్లస్ సరైన వైపు ఉండాలి. పాతదాని పక్కన కొత్తదాన్ని పెట్టి చూడటం కంటే నమ్మకమైన పద్ధతి లేదు. ప్లస్ అటువైపు ఉంటే కేబుల్ అందదు, లాగి పెడితే తెగుతుంది. జపాన్ పద్ధతిలో 55బీ24ఎల్ అని రాసి ఉంటే, 24 పొడవు సెంటీమీటర్లలో, బీ వెడల్పు-ఎత్తుల తరగతి, ఎల్ ప్లస్ ఉండే వైపు. 55 అన్నది సామర్థ్య ర్యాంకు, ఏహెచ్ కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ జాతి బ్యాటరీల స్తంభాలు కూడా కొన్నిట్లో సన్నంగా ఉంటాయి, పెద్ద క్లాంపు వాటి మీద ఎంత బిగించినా ఊగుతూనే ఉంటుంది.

ఏహెచ్, సీసీఏ రెండూ కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. 60 ఏహెచ్ అంటే 3 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇవ్వగలదని. సీసీఏ అంటే మైనస్ 18 డిగ్రీల చలిలో ఇంజిన్‌ను తిప్పడానికి ఇవ్వగల కరెంటు. సీసీఏ పోల్చేటప్పుడు అంకె పక్కన ఏ ప్రమాణం రాసి ఉందో చూడండి. ఒకే బ్యాటరీకి ఈఎన్ అంకె ఎక్కువ, డీఐఎన్ అంకె తక్కువ ఉంటాయి. కాస్త పెద్ద ఏహెచ్ వేస్తే ఆల్టర్నేటర్ కాలిపోతుందన్నది ఉత్త భయం, ట్రేలో పడితే నష్టమేమీ లేదు.

తయారీ తేదీ చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. ఆరు నెలలు దాటింది వద్దు. అక్కడే మీటర్ పెట్టించండి, 12.4 కంటే తక్కువ ఉంటే ఇంకొకటి తెమ్మనండి.

మార్చడం

చాలా బండ్లకు 10 నంబరు స్పానరు, బ్యాటరీని ట్రేకు పట్టి ఉంచే కింది క్లాంపు కోసం ఎక్స్‌టెన్షన్ వేసిన 12 లేదా 13 నంబరు సాకెట్ సరిపోతాయి. కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి. వాచీ, ఉంగరం తీసేయండి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దగ్గర్లో నిప్పు, సిగరెట్ ఉండకూడదు. రేడియోకు కోడ్ ఉంటే ముందే రాసి పెట్టుకోండి. ఇంజిన్ ఆపి, తాళం బయటికి తీసి, పావుగంట ఆగండి. బ్యాటరీ డిక్కీలో ఉంటే డిక్కీ తలుపు మూయొద్దు, కరెంటు లేకపోతే మళ్లీ తెరుచుకోకపోవచ్చు.

ముందు మైనస్ విప్పాలి, తర్వాతే ప్లస్. బండి బాడీ అంతా మైనస్‌కే కలిసి ఉంటుంది. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే స్పానర్ రెండో కొస బాడీకి తగిలిందంటే నిప్పులు చిమ్ముతాయి, స్పానర్ ఎర్రగా కాలుతుంది. మైనస్ తీసేశాక తగిలినా ఏమీ కాదు. క్లాంపు రాకపోతే స్క్రూడ్రైవర్‌తో ఎత్తొద్దు, స్తంభం మూలం పగులుతుంది. నట్టు పూర్తిగా వదులు చేసి అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లాగండి. మైనస్ క్లాంపు మీద చిన్న నల్ల డబ్బా లాంటి సెన్సర్ ఉంటే దాన్ని పట్టుకుని అసలు లాగొద్దు.

బరువు 10 నుంచి 20 కిలోల దాకా ఉంటుంది, నిటారుగా ఎత్తండి. ట్రేలో తెల్లపొడి, పచ్చపొడి ఉంటే గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పోయండి. నురగ ఆగేదాకా పోసి, మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి. క్లాంపు లోపలి వైపు వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా తోమండి.

కొత్తది పెట్టి, అన్నిటికంటే ముందు కింది క్లాంపు బిగించండి. అది వదులుగా ఉంటే గతుకులకు ప్లేట్ల మీది పదార్థం రాలి అడుగున పేరుకుని సెల్ షార్ట్ అవుతుంది. పాతదానికి లోపలి గ్యాస్ బయటికి పోయే గాలిగొట్టం ఉంటే కొత్తదానికీ తగిలించాలి, ముఖ్యంగా బ్యాటరీ సీటు కింద గానీ డిక్కీలో గానీ ఉంటే. ఈసారి ముందు ప్లస్, తర్వాత మైనస్. సుత్తితో కొట్టి దింపొద్దు. క్లాంపు చేత్తో తిప్పితే కదలకుండా బిగిస్తే చాలు, సీసం మెత్తనిది. బిగించాక, ముందు కాదు, పైన పెట్రోలియం జెల్లీ రాయండి.

గడియారం, కిటికీల ఆటో అప్ మళ్లీ సెట్ చేసుకోవాలి. కొన్ని బండ్లలో కొత్త బ్యాటరీ వేసినట్టు స్కానర్‌తో కంప్యూటర్‌కు చెప్పాలి, లేకపోతే ముసలి బ్యాటరీ అనుకునే చార్జి చేస్తుంటుంది.

నిలబెట్టుకోవడం

బ్యాటరీని చంపేవి వేడి, అర్ధాకలి. సగం చార్జితో వారాల తరబడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, తర్వాత ఎంత చార్జి పెట్టినా కరగదు. ఐదేసి నిమిషాల ప్రయాణాలే ఎక్కువైతే, బండి నెలలో చాలా రోజులు ఊరికే నిలబడి ఉంటే, నెలకోసారి చార్జర్ పెట్టండి. ఏహెచ్‌లో పదోవంతు కరెంటు చాలు, 60కి 6 ఆంపియర్లు. ఏజీఎం అయితే చార్జర్‌లో ఆ మోడ్ ఉండాలి. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని ఇంకో బండి బ్యాటరీతో జంప్ చేసి, మిగతాది ఆల్టర్నేటర్ చూసుకుంటుందిలే అనుకోవద్దు, ఖాళీ అయినదాన్ని నింపే పని దానిది కాదు.

మూతలున్న బ్యాటరీలో రెండు నెలలకోసారి నీటిమట్టం చూడండి. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ పోయొద్దు, యాసిడ్ అసలే వద్దు, ఆవిరయ్యేది నీరే. చార్జింగ్ అయ్యాక పై గీత దాకా పోయాలి, ముందే పోస్తే పొంగుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందు పోసి, మిగతాది తర్వాత. పైనున్న పచ్చ కన్నును మరీ నమ్మొద్దు, అది ఆరు సెల్స్‌లో ఒక్కదాని సంగతే చెబుతుంది. ఉబ్బినదాన్ని, గుడ్డు కుళ్లిన వాసన వస్తున్నదాన్ని చార్జి పెట్టకుండా అలాగే దించి, నిటారుగా పట్టుకెళ్లి పాతవి తీసుకునే కొట్టులో ఇచ్చేయండి.