వెలికొండ కోనల్ని మ్యాపులో చదవడం: సోమశిల, పెంచలకోన షీటుతో

సోమశిల దగ్గర పెన్న నది కొండను అడ్డంగా కోసుకుని అవతలికి పోతుంది. పెంచలకోన వాగు కొండలోనే పుట్టి కిందికి దిగుతుంది. కొండలు అవే వెలికొండలు, మ్యాపులో బొమ్మలు మాత్రం వేరు. ఆ తేడా కాగితం మీద పట్టుబడితే ఏ కోనలో దారి ఎంత నిటారో, వాన పడితే నీళ్లు ఎటు నుంచి వస్తాయో ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు.

కావాల్సింది సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపు, పాత లెక్కలో 57 ఎన్/7. సోమశిల డ్యాం ఈ షీటు పై అంచుకు ఆనుకుని ఉంటుంది కాబట్టి దాని పైదైన 57 ఎన్/6 కూడా పక్కన పెట్టుకోండి. స్కేలు 1:50,000, అంటే 1 సెంటీమీటరుకు అర కిలోమీటరు. జిరాక్స్ షాపులో పేజీకి సరిపోయేలా కుదించి ప్రింటు ఇచ్చేస్తుంటారు, దాంతో కొలతలన్నీ తప్పుతాయి. కింద ఉన్న స్కేలు పట్టీ మీద కిలోమీటరు సరిగ్గా 2 సెంటీమీటర్లు వచ్చిందా అని ముందు రూళ్లకర్రతో చూసుకోండి.

గోధుమరంగు గీతలు కాంటూర్లు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు. గీతకూ గీతకూ ఎత్తులో తేడా 20 మీటర్లు. ప్రతి ఐదో గీత లావుగా ఉంటుంది కాబట్టి లావు గీత నుంచి లావు గీతకు 100 మీటర్లు. వాగుల్లో నల్లగా గీసినవి ఎండిపోయేవి, నీలంవి నీళ్లుండేవి. వెలికొండ వాగుల్లో నల్లవే ఎక్కువ.

కోన ఏదో గట్టు ఏదో తేల్చడంలోనే కొత్తవాళ్లు ఎక్కువగా తడబడతారు. కాంటూరు వంపు మొన ఎక్కువ అంకె వైపు, అంటే ఎగువకు తిరిగి ఉంటే అది కోన. తక్కువ అంకె వైపు తిరిగితే గట్టు. అంకెలు చూడకుండా ఆకారాన్ని బట్టి చెప్పేస్తే రెండూ తారుమారవుతాయి.

ఇప్పుడు సోమశిల చూడండి. గట్లు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంటే పెన్న పడమటి నుంచి తూర్పుకు వాటిని తెంచుకుని పోతుంది. గట్టిదైన క్వార్ట్‌జైట్ బండ ఉన్నచోట గీతలు ఒకదానికొకటి అంటుకున్నట్టు ఉంటాయి. మెత్తటి పలకరాయి ఉన్నచోట ఎడంగా పరుచుకుంటాయి. నది ఇరుకైన ఆ సందులోనే ఆనకట్ట కట్టారు. జలాశయం పూర్తి నీటిమట్టం 330 అడుగులు, అంటే 100.58 మీటర్లు. అందుకే 100 మీటర్ల లావు గీత వెంట వేలు జరిపితే నిండు జలాశయం ఒడ్డు దాదాపుగా దొరుకుతుంది.

పెంచలకోన దగ్గర వాగుకు అడ్డంగా, వాగు గీతకు సరిగ్గా లంబంగా ఒక గీత గీయండి. ఏటవాలుగా గీస్తే కోన ఉన్నదానికంటే వెడల్పుగా కనిపిస్తుంది. ఆ గీత మీద కాగితం పట్టీ ఆనించి, కాంటూరు తగిలిన ప్రతిచోటా పెన్సిలుతో గుర్తు పెట్టి పక్కన ఎత్తు రాయండి. పట్టీని గ్రాఫు కాగితం అడుగున పెట్టి, ఒక్కో గుర్తును దాని ఎత్తుకు తీసుకెళ్లి చుక్కలు కలపండి. నిలువు కొలత 1 సెంటీమీటరుకు 100 మీటర్లు తీసుకుంటే బొమ్మ నిజానికి అయిదింతలు నిటారుగా కనిపిస్తుంది. చూసి హడలిపోకండి, ఆ సంగతి మాత్రం మూలన రాసిపెట్టుకోండి.

అసలు వాలు కావాలంటే విడిగా లెక్కగట్టాలి. రెండు లావు గీతల మధ్య 4 మిల్లీమీటర్లుంటే నేల మీద 200 మీటర్ల దూరంలో 100 మీటర్ల ఎక్కుడు, సుమారు 27 డిగ్రీలు. 2 మిల్లీమీటర్లే ఉంటే 45 డిగ్రీలు. అక్కడ నడక ఉండదు, చేతులతో పాకడమే.

మ్యాపు దాచేసేదీ ఒకటుంది. 20 మీటర్ల లోపు నిలువు బండ రెండు గీతల మధ్య పడితే అసలు కనిపించదు. కాగితం మీద సాఫీగా ఉన్న వాగు దారిలో 15 మీటర్ల జారుడు ఎదురయ్యేది అందుకే. కోన అడుగున గీతలు ఉన్నట్టుండి దగ్గరపడిన ప్రతిచోటా అలాంటిది ఉందనే అనుకుని, గట్టు మీంచి చుట్టుదారి కూడా గుర్తుపెట్టుకోండి. ఇదంతా పెనుశిల నరసింహ అభయారణ్యం. గుడి దారి దాటి లోపలికి పోవాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

చివరగా నీళ్ల లెక్క. మీరు నిలబడబోయే చోటు నుంచి ఎగువన, చుట్టూ ఉన్న గట్ల వెన్ను వెంట గీత గీసి మూసేయండి. లోపల ఎన్ని కిలోమీటరు చదరాలు పడ్డాయో లెక్కపెట్టండి. అంచున సగం కంటే ఎక్కువ పడినదాన్ని ఒకటిగా పట్టుకుని, మిగతాది వదిలేయండి. 12 చదరాలు వచ్చి, 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకుంటే పడిన నీళ్లు 60 కోట్ల లీటర్లు. మట్టి పలచనైన బండ నేల తాగేది తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, నెల్లూరు వైపు వానలు ఎక్కువగా అప్పుడే కాబట్టి, గీత నల్లగా ఉంది కదా అని వాగు మధ్య ఇసుకలో గుడారం వేయకండి. మీ నెత్తిన చినుకు పడకపోయినా ఆ 12 చదరాల్లో పడిన వాన మీ దగ్గరికే వస్తుంది.