వి.ఎన్.ఎస్. పరికరం ఉన్నవారికి ఎం.ఆర్.ఐ.: ముందు చూసుకోవాల్సినవి

మందులకు లొంగని మూర్ఛకు అమర్చే వేగస్ నరాల స్టిమ్యులేటర్‌లో (వి.ఎన్.ఎస్.) కరెంటు పంపే జనరేటర్ ఎడమ ఛాతీ చర్మం కింద ఉంటుంది. దాని వైరు మెడలోని ఎడమ వేగస్ నరానికి చుట్టి ఉంటుంది. అసలు ప్రమాదం ఆ వైరు దగ్గరే: స్కానర్ రేడియో తరంగాలకు ఎలక్ట్రోడ్లు వేడెక్కి నరాన్ని కాల్చగలవు.

- అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఇంప్లాంట్ కార్డులోని మోడల్ నంబరు చెప్పండి. ఏ కాయిల్ (స్కానర్‌లో రేడియో తరంగాలు పంపే, అందుకునే భాగం) వాడాలి, శరీరంలో ఏ భాగాన్ని తీయకూడదు అన్నవి మోడల్‌ను బట్టి మారతాయి.
- జనరేటర్ తీసేసినా వైరు ముక్క లోపల మిగిలి ఉంటే తప్పక చెప్పాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. ఎక్స్-రే తీస్తే తెలిసిపోతుంది.
- స్కాన్‌కు ముందు ప్రోగ్రామర్‌తో (పరికరం సెట్టింగులు మార్చే యంత్రం) కరెంటును 0 మిల్లీ ఆంపియర్లకు తేవాలి. మామూలు మోడ్ ఒక్కటే చాలదు. మాగ్నెట్ మోడ్ (మాగ్నెట్ ఆనించినప్పుడు వచ్చే కరెంటు), ఆటోస్టిమ్ (గుండె వేగం పెరిగితే దానంతటదే వచ్చే కరెంటు) కూడా సున్నా కావాలి. పాత సెట్టింగులు కాగితం మీద రాసుకోండి.
- పరికరంతో పాటు ఇచ్చే చేతి మాగ్నెట్‌ను స్కాన్ గదిలోకి తీసుకెళ్లకూడదు.

పరికరం ఆగి ఉన్నంతసేపు ఫిట్స్ రావచ్చు. అందుకే ఉదయం మాత్రలు మానవద్దు. ఫిట్స్ ఆపడానికి డాక్టరు రాసిచ్చిన మిడజోలమ్ ముక్కు స్ప్రే దగ్గరుండాలి. స్కాన్‌లో మెడ దగ్గర వేడి, నొప్పి తెలిస్తే వెంటనే బజర్ నొక్కండి.

పరికరాన్ని మళ్లీ ఆన్ చేసి, ఇంపెడెన్స్ (వైరులో కరెంటుకు ఎదురయ్యే అడ్డు) పరీక్షించాకే ఇంటికి బయలుదేరండి.

మూర్ఛకే వాడే, మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే ఆర్.ఎన్.ఎస్. (రెస్పాన్సివ్ న్యూరోస్టిమ్యులేషన్) పరికరమైతే లెక్క వేరు: పాత 300ఎం మోడల్‌కు ఎం.ఆర్.ఐ. కుదరదు, 320కు షరతులతో 1.5 టెస్లా (అయస్కాంత బలం కొలత) స్కానర్‌లో చేయవచ్చు.