ప్రాక్టికల్స్ ముందు ప్రాసెస్ పరిమితి పెంచుతున్నారా?

సెమిస్టర్ ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాయంటే నల్గొండ, మహబూబ్‌నగర్ కాలేజీల ల్యాబ్ ఇన్‌ఛార్జులకు లినక్స్ సర్వర్‌తోనే సగం పని. ఏ ప్రోగ్రాం మొదలుపెట్టినా ‘ఫోర్క్: రిసోర్స్ టెంపరరీలీ అనవైలబుల్’ అంటూ ఆగిపోతుంటే, కంగారులో ప్రాసెస్ పరిమితిని (ఒకేసారి నడవగల ప్రోగ్రాముల సంఖ్యకు ఉన్న హద్దు) ‘అన్‌లిమిటెడ్’ చేసేయకండి. ఒకరి పొరపాటు మిగతావారి పరీక్షను ముంచకుండా ఆపే గట్టు అది.

ముందు లెక్క చూడండి. ఈ పరిమితిని చూపే ‘యులిమిట్ -యు’ ఆదేశం ఇచ్చే సంఖ్య ఒక్కో లాగిన్‌కు కాదు, ఒక్కో ఖాతాకు. ల్యాబ్ మొత్తానికి ‘స్టూడెంట్’ అని ఒకే ఖాతా ఇస్తే అందరి ప్రాసెస్‌లూ ఒకే పద్దులో పడతాయి. లినక్స్‌లో థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో సమాంతరంగా నడిచే పనులు) కూడా ఈ లెక్కలోకే వస్తాయి కాబట్టి జావా ప్రోగ్రాములు దాన్ని త్వరగా నింపేస్తాయి. నన్నడిగితే, పరిమితి పెంచడం కన్నా విద్యార్థికో ఖాతా ఇవ్వడమే మేలు.

ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ ఉన్న రోజు మరింత జాగ్రత్త అవసరం. కొత్త ప్రాసెస్‌ను పుట్టించే ఫోర్క్‌ను లూప్‌లో పెడితే ప్రతి చుట్టుకూ ప్రాసెస్‌లు రెట్టింపవుతాయి: పది చుట్లకు 1024, పన్నెండుకు 4096. ఆగని లూప్ అయితే పరిమితి లేని సర్వర్ నిమిషాల్లోనే స్తంభిస్తుంది.

అయినా పెంచక తప్పదంటే, రద్దీ వేళ వాడకం ఎంతో చూసి దానికి రెట్టింపు పెట్టండి, చాలు. మార్పు చేసేటప్పుడు రూట్ (అడ్మిన్) లాగిన్ ఒకటి తెరిచే ఉంచండి. 4000కు బదులు 4 అని పడితే ఆ ఖాతాలోకి ప్రవేశించడమే కష్టమవుతుంది. ఈ పరిమితులుండే లిమిట్స్.కాన్ఫ్ ఫైలులో రాసినా మార్పు కనిపించకపోతే పక్కనే ఉన్న లిమిట్స్.డి ఫోల్డర్ వెతకండి. సెంటోస్ 7లో అందరికీ వర్తించే 4096 సాఫ్ట్ (ప్రస్తుతం అమలయ్యే) పరిమితి అక్కడి 20-ఎన్‌ప్రోక్.కాన్ఫ్‌లో ఉంటుంది, ఆ ఫోల్డర్‌ను తర్వాత చదువుతుంది కాబట్టి లిమిట్స్.కాన్ఫ్‌లో మీరూ అందరికీ అని రాస్తే అదే నెగ్గుతుంది. హార్డ్ (గరిష్ఠ) విలువను కూడా సరిచూడండి, సాఫ్ట్ విలువ దాన్ని దాటలేదు.

కొత్త విలువ మళ్లీ లాగిన్ అయితేనే వర్తిస్తుంది. సిస్టమ్‌డి (లినక్స్‌లో సర్వీసులను నడిపే వ్యవస్థ) నడిపే డేటాబేస్, వెబ్ సర్వర్‌లకు ఈ ఫైళ్లతో పనిలేదు. వాటి యూనిట్ ఫైలులో (సర్వీసు సెట్టింగుల ఫైలు) లిమిట్‌ఎన్‌ప్రోక్, టాస్క్స్‌మాక్స్ అనే పరిమితులు మార్చి, డీమన్-రీలోడ్ చేసి, సర్వీసును తిరిగి మొదలుపెట్టాలి. ఈ పనంతా పరీక్షకు ముందురోజే ముగించి, ఒక విద్యార్థి ఖాతాతో లాగిన్ అయి చూడండి.